ఎడారి యాత్ర: పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

ప్రశ్న: వచ్చే ఏడాది నలుగురు స్నేహితులం కలిసి మారుమూల ఎడారి ప్రాంతంలో పది రోజులు కారులో తిరిగి రావాలనుకుంటున్నాం. అందరివీ చిన్న జీతాలే. తక్కువ అద్దెకు దొరికే కారు తీసుకుని, డబ్బు చాలకపోతే క్రెడిట్ కార్డు వాడుకోవచ్చా?

జవాబు: ఏడాది వ్యవధి ఉండగానే అడిగారు కాబట్టి అప్పు లేకుండానే ఈ యాత్ర చేయగలరు. అయితే అద్దె తక్కువన్న ఒక్క కారణంతో కారును ఎంచుకోకండి. చాలా అద్దె ఒప్పందాలు మట్టి రోడ్లపై వాహనం నడపడాన్ని నిషేధిస్తాయి. ఆ షరతు మీరితే బీమా వర్తించకపోవచ్చు. అనుమతి ఉన్నా టైర్లకు, అద్దాలకు, వాహనం అడుగుభాగానికి జరిగే నష్టాన్ని తరచుగా మినహాయిస్తారు, ఎడారి దారుల్లో ముందుగా దెబ్బతినేవి అవే. వాహనం మొరాయిస్తే దాన్ని పట్టణం దాకా లాక్కొచ్చే ఖర్చు ఎవరిదో కూడా కాగితం మీద చూసుకోండి, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ ఆ ఒక్క బిల్లే మొత్తం అద్దెను మించిపోగలదు.

ఇంధనం లెక్క రోడ్డు మైలేజీతో వేస్తే తప్పుతుంది. ఉదాహరణకు మీ దారి 2,000 కిలోమీటర్లు, కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 167 లీటర్లు చాలనిపిస్తుంది. సగం దారి ఇసుక, గతుకులదై అక్కడ మైలేజీ 8కి పడిపోతే 208 లీటర్లు కావాలి. దారి తప్పడం, వెనక్కి తిరగడం వంటి వాటికి మరో పాతిక శాతం కలిపితే 260 అవుతుంది. బడ్జెట్‌లో ఈ చివరి అంకెనే రాసుకోండి. మారుమూల బంకుల్లో ధర ఎక్కువగా ఉంటుంది, ఒక్కోసారి స్టాకే ఉండదు. అందుకని ధర చూసి ఏ బంకునూ దాటిపోవద్దు. తాగునీరు మనిషికి రోజుకు కనీసం 5 లీటర్లు, అంటే నలుగురికి రోజుకు 20 లీటర్లు లెక్క పెట్టుకుని, మూడు రోజులకు సరిపడా అదనంగా 60 లీటర్లు తీసుకెళ్లండి. దానికయ్యే ఖర్చు స్వల్పమే కానీ బరువు 60 కిలోలు, కాబట్టి కారు ఎంపికలో అదీ లెక్కలోకి రావాలి.

ఇక క్రెడిట్ కార్డు సంగతి. కారు తీసుకునేటప్పుడు డిపాజిట్ కింద కార్డు పరిమితిలో కొంత సొమ్మును బ్లాక్ చేయడం మామూలే, అంటే ఆపదకు నమ్ముకున్న మొత్తం మొదటి రోజే తగ్గిపోతుంది. సిగ్నల్ లేని చోట కార్డు పనిచేయకపోవచ్చు. కార్డుతో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే మొత్తం అంచనాలో ఐదో వంతును విడిగా, ఎక్కువ భాగం నగదుగా, ఇద్దరి దగ్గర పంచి ఉంచుకోమని నా సలహా. ఇంటి అత్యవసర నిధిని మాత్రం దీనికోసం కదిలించకండి.

పొదుపు చేయదగ్గవి వేరే ఉన్నాయి: రద్దీ నెలలను, మండు వేసవిని వదిలి తేదీలు ఎంచుకోవడం, గుడారంలో బస, సొంత వంట, అన్నింటికన్నా ముఖ్యంగా దారిని కుదించుకోవడం. రెండు చోట్లు తగ్గిస్తే అద్దె, ఇంధనం రెండూ తగ్గుతాయి. అంచనాను నలుగురికీ, పన్నెండు నెలలకూ భాగించి ప్రతి నెలా ఒకే ఖాతాలో వేయండి. కారుకు నష్టం జరిగితే నడిపినవారే భరించాలా, నలుగురూ పంచుకోవాలా అన్నది అడ్వాన్సు కట్టకముందే రాసుకుని సంతకాలు పెట్టుకోండి.