తాళం తిరగలేదు, తప్పు నాదే అంటున్నారు

ప్రశ్న: లాయర్ గారూ, మాది కావలి. 14 నెలల క్రితం ఒంగోలులోని ఒక షోరూమ్‌లో 8 లక్షల 40 వేలు పెట్టి కారు కొన్నాను, సొంత వాడకానికే. వారంటీ 2 ఏళ్లు. ఈమధ్య కీ గట్టిగా తిరుగుతోందని సర్వీస్ అడ్వైజర్‌కి వాట్సాప్‌లో పెడితే, ‘సర్వీస్‌కి తెచ్చినప్పుడు చూద్దాం సార్’ అని జవాబిచ్చాడు. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు మళ్లీ నోటితో చెప్పాను, ఏమీ చేయలేదు. తర్వాత ఒక శనివారం ఇంటిల్లిపాదీ మాలకొండ వెళ్లాం. వాలులో బండి ఆపి, ముందు చక్రాన్ని రాయికి ఆనించి దిగాం. దర్శనం చేసుకుని వచ్చేసరికి కీ అసలు తిరగలేదు. వలేటివారిపాలెం నుంచి ఒక మెకానిక్ కుర్రాడిని పిలిపించాం. అతను ఆయిల్ కొట్టి, కటింగ్ ప్లేయర్‌తో కీని పట్టుకుని తిప్పాడు. కీ కాస్త మెలిపడింది గానీ లాక్ కదల్లేదు. చివరికి టోయింగ్ బండి మీద ఒంగోలు వర్క్‌షాపుకి చేర్చాం. లాక్ సెట్ మొత్తం మార్చాలి, 18,400 అవుతుంది, కస్టమర్ బలవంతంగా తిప్పినందువల్ల పోయింది కాబట్టి వారంటీ రాదు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు రోజుకు 300 చొప్పున పార్కింగ్ చార్జీ కడితే గానీ బండి ఇవ్వమంటున్నారు. కొత్త కారు ఇప్పించమని కేసు వేయవచ్చా? కేసు ఒంగోలులోనే వేయాలా? ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా? పోలీస్ కంప్లయింట్ ఇస్తే దెబ్బకు దిగొస్తారని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ వాట్సాప్ మెసేజ్. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది కటింగ్ ప్లేయర్. మీ కేసంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

ముందు మీరు రాయని సంగతి ఒకటి అడగాలి. కొన్నప్పుడు రెండు కీలు ఇచ్చి ఉంటారు. ఆ రెండోది పెట్టి చూశారా? చూడకపోతే ఇప్పుడైనా తీసుకెళ్లి, వర్క్‌షాపు వాళ్ల ముందే పెట్టి తిప్పించండి, ఫోన్‌లో వీడియో తీయండి. బీరువాలో పెట్టిన కీ కాబట్టి దాని పళ్లు అరిగి ఉండవు. అది తిరిగిందంటే లోపం మొదటి కీలో ఉన్నట్టు, లాక్ సెట్ మొత్తం మార్చాలన్న మాటే నిలబడదు. రెండూ తిరగకపోతే సమస్య లాక్ సిలిండర్‌లోనో, స్టీరింగ్ లాక్‌లోనో ఉన్నట్టు. డబ్బు ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా నోటీసు రాయడానికి కూర్చుంటే, అవతలి లాయరు మొదటి వాయిదాలోనే దీన్ని పట్టుకుంటాడు.

అతను పట్టుకునే రెండో పాయింటు మాలకొండ వాలు. కీ తీసేశాక స్టీరింగ్ కాస్త కదిలితే లోపల ఒక ఇనుప పిన్ను పడి స్టీరింగ్ బిగుసుకుంటుంది. దొంగలు బండి తోలుకుపోకుండా పెట్టిన ఏర్పాటు అది. ముందు చక్రం వాలులో రాయికి ఆని ఉంటే ఆ ఒత్తిడంతా స్టీరింగ్ మీదుగా వచ్చి ఆ పిన్ను మీద పడుతుంది. పిన్ను వెనక్కి రాదు, కాబట్టి కీ తిరగదు. అలాంటప్పుడు స్టీరింగ్ ఎటు కాస్త వదులుగా ఉందో అటు ఒక చేత్తో నొక్కి పట్టి, రెండో చేత్తో కీ మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. అందులో లోపం ఏమీ లేదు, ఏ కంపెనీ బండి అయినా అంతే. ఆ రోజు జరిగింది ఇంతే అయితే, ఆ తర్వాత ప్లేయర్‌తో చేసిన నష్టం మీ ఖాతాలోనే పడుతుంది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఇంతవరకే చూస్తే మీకు కేసు లేదు.

మిమ్మల్ని నిలబెట్టేది వాట్సాప్ మెసేజ్. మాలకొండ వెళ్లకముందే, ఆ వాలుతో సంబంధం లేకుండానే కీ గట్టిగా తిరుగుతోందని మీరు చెప్పారు, వాళ్లు చూద్దామన్నారు. కీ బిగుసుకోవడం ప్లేయర్ కంటే ముందే మొదలైందని దీనితో తేలుతుంది. లాక్‌లో ఉండే సన్న పలకలు ఇరుక్కున్నప్పుడు, అరిగినప్పుడు కనబడే లక్షణం అదే. వారంటీ ఉండగా చెప్పిన లోపాన్ని చూడకుండా వదిలేయడం సేవా లోపం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వస్తువులోని లోపం, సేవలోని లోపం వేర్వేరుగా ఉన్నాయి. మీరు రెండూ పెట్టాలి. మొదటిది ప్లేయర్ దెబ్బకు కాస్త ఊగినా రెండోది గట్టిగానే ఉంటుంది.

అందుకని ఆ చాట్‌ను తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి, భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద, అవి మీ ఫోన్‌లోవేనని చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. కేసు వినే వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకుని కూర్చోదు గానీ, అది ఉంటే అవతలి వాళ్లకు మెసేజ్ కల్పితం అనే అవకాశం తగ్గుతుంది. ఆ సర్వీస్ తాలూకు జాబ్ కార్డు, అంటే బండికి ఏం పని చేయాలో వర్క్‌షాపు వాళ్లు రాసుకునే కాగితం కూడా వెతకండి. కీ సంగతి అందులో రాయకపోయినా ఫర్వాలేదు, మెసేజ్ పెట్టిన తర్వాతే బండి వాళ్ల చేతికి వెళ్లిందని ఆ తేదీ చెబుతుంది. ఇకముందు మీరు ఏది చెప్పినా జాబ్ కార్డులో రాయించి, చదివి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. మన జిల్లాల్లో సగం మంది ఆ కాగితం మీద అడ్వైజర్ వేలు పెట్టి చూపించిన చోట కళ్లు మూసుకుని సంతకం పెట్టి వస్తారు.

ఇక ఆ పాత లాక్. రేపు లాక్ సెట్ మారిస్తే పాతది చెత్తబుట్టలోకి పోనివ్వకండి. ‘తీసేసిన పాత లాక్ సిలిండర్, మెలిపడిన కీ నాకు అప్పగించాలి, లేదా ఇద్దరి సంతకాలతో సీలు వేసి ఉంచాలి’ అని రెండు ముక్కలు ఈమెయిల్ చేయండి. వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38 కింద కమిషన్ వస్తువును సీలు చేయించి ల్యాబ్ పరీక్షకు పంపగలదు. రిపోర్టుకు 45 రోజుల గడువు, ఫీజు ముందుగా ఫిర్యాదీయే కట్టాలి. వస్తువే లేకపోతే పరీక్ష దేనికి చేస్తారు? పలకలు అరిగి ఇరుక్కున్న గుర్తులు వేరు, పట్టుకుని మెలితిప్పిన గుర్తులు వేరు. విప్పి చూస్తే తెలిసినవాడికి తేడా కనబడుతుంది. ఆ రిపోర్టు మీకే వ్యతిరేకంగా రావచ్చు కూడా, అందుకే రెండో కీ సంగతి ముందు తేల్చుకోమన్నాను.

పార్కింగ్ చార్జీ గురించి. బండిని వర్క్‌షాపుకి అప్పగించడాన్ని కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం బెయిల్‌మెంట్ అంటాం. సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు, ఆ పనికి రావాల్సిన డబ్బు చేతికొచ్చేదాకా వస్తువును ఆపుకోవచ్చు. రిపేరు చేసిన బండిని బిల్లు కట్టకుండా తీసుకెళ్తానంటే కుదరనిది అందుకే. మీ విషయంలో వాళ్లు ఇంకా పనే మొదలుపెట్టలేదు. బండి ఊరికే షెడ్డులో ఉన్నందుకు ఈ సెక్షన్ ఆ హక్కు ఇవ్వదు. పాత బాకీలన్నిటికీ కలిపి ఆపుకునే హక్కు సెక్షన్ 171 కింద బ్యాంకర్లకు, ఇంకా కొద్దిమందికే ఉంది, వర్క్‌షాపులు ఆ జాబితాలో లేవు. అయితే ‘ప్రత్యేకంగా ఒప్పందం ఉంటే తప్ప’ అని అదే సెక్షన్ అంటోంది. కాబట్టి బండి దించినప్పుడు సంతకం పెట్టిన కాగితం వెనక సన్నక్షరాలు చదవండి. పార్కింగ్ చార్జీ కట్టేదాకా బండి ఆపుకోవచ్చని అక్కడ లేకపోతే, వాళ్లు చేస్తున్నది బెదిరింపే. బండి విప్పి చూసినందుకు ఇన్‌స్పెక్షన్ చార్జీ ఏదైనా ముందే చెప్పి ఉంటే అది కట్టేయండి.

ఆచరణలో ఏం చేయాలంటే, స్టీరింగ్ బిగుసుకున్న బండిని ఇంకో చోటికి లాక్కుపోవడం మీకూ కష్టమే. కొత్త లాక్ వేశాక కీలోని చిప్పును బండికి కలపడానికి కంపెనీ మిషనే కావాలి. అందుకని నా సలహా, రిపేరు అక్కడే చేయించండి. 18,400 కట్టండి, కానీ కట్టే ముందు ఒక ఈమెయిల్ పెట్టండి: ‘ఇది వారంటీలో రావాల్సిన పని. బండి అవసరం కొద్దీ అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు వదులుకోవడం లేదు.’ పార్కింగ్ చార్జీ మాత్రం ఒప్పుకోకండి. అది కట్టకపోతే బండి బయటికి రానివ్వమని పట్టుబడితే, దానికీ అదే మాట రాసి విడిగా రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే, బండి విడుదలకు మధ్యంతర ఉత్తర్వు అడిగే వీలు కమిషన్‌లో ఉంది, కానీ ఆ వాయిదాలు నడిచేలోపు మీరు ఆటోలకు పెట్టే ఖర్చు లెక్కేసుకోండి.

తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇలాంటి చిన్న మొత్తాల గొడవలు కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు, ఆ తర్వాత ఫిర్యాదు. నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, కానీ దానికి వాళ్లు ఏం జవాబిస్తారో, అసలు ఇవ్వరో, అదీ మీకు సాక్ష్యమే.

కేసు ఒంగోలులో వేయనక్కర్లేదు. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే చోటే వేయవచ్చు. కావలి నెల్లూరు జిల్లా కాబట్టి నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసుకోండి. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. ‘వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టు పరిధిలోనే’ అని ఇన్వాయిస్ కింద అచ్చువేసిన లైను చూసి టెన్షన్ పడకండి. చెల్లించిన ధర 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనే చాలు. 5 నుంచి 10 లక్షల మధ్య ధరకు ఫీజు 200 రూపాయలు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. వారంటీ రాదని వాళ్లు చెప్పిన తేదీ నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. ప్రతివాదులకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకుమించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. పరీక్ష అక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్ష ఉంటే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. కమిషన్ గుమ్మం తొక్కినవాళ్లకు అసలు సంగతి తెలుసు, దానికి సిద్ధపడే వెళ్లండి.

కారు తయారుచేసిన కంపెనీని, షోరూమ్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, కానీ ఎవరి తప్పు ఏదో విడదీసి రాయండి. లాక్‌లో లోపం కంపెనీది. మెసేజ్‌ను పట్టించుకోకపోవడం, పార్కింగ్ పేరుతో బండి ఆపడం డీలరువి. డీలరు సొంతంగా చేసిన తప్పు తయారీ కంపెనీకి తెలియకుండా జరిగినప్పుడు, దానికి ఆ కంపెనీని బాధ్యుణ్ణి చేయలేమని సుప్రీంకోర్టు 2021లో ఒక కారు కేసులోనే చెప్పింది.

కొత్త కారు మాట మరచిపోండి. లోపం ఉన్న భాగాన్ని మార్చిస్తామని వారంటీలో ఉన్నప్పుడు బండి మొత్తం మార్చమని ఆదేశించడం కుదరదని 2006లో, అదీ ఒక కారు కేసులోనే, సుప్రీంకోర్టు తేల్చింది. పైగా లాక్ కోసం 8 లక్షల బండి అడిగితే మీ ఫిర్యాదు తేలికైపోతుంది. మీరు అడగాల్సింది 18,400, టోయింగ్ ఖర్చు, కట్టించుకుంటే పార్కింగ్ డబ్బు, వీటి మీద వడ్డీ, ఇబ్బంది పెట్టినందుకు ఓ మోస్తరు పరిహారం, కేసు ఖర్చులు. మాలకొండ నుంచి ఇంటికి చేరడానికి వేరే బండి మాట్లాడుకుంటే ఆ రసీదూ చేర్చండి. మెకానిక్ కుర్రాడి సంగతి దాచకండి. ప్లేయర్ వాడాడని మీ ఫిర్యాదులో మీరే రాయండి, అప్పటికే తాళం తిరగడం లేదని, అంతకుముందు నుంచే గట్టిగా ఉందని దాని పక్కనే చెప్పండి. వీలైతే ఆ కుర్రాడి దగ్గర అఫిడవిట్ తీసుకోండి. మీరు దాచిన నిజం అవతలి వాడి నోట వినబడితే వాట్సాప్ మెసేజ్‌కి ఉన్న విలువ కూడా పోతుంది.

మీ బావమరిది సలహా వద్దు. వారంటీ ఇవ్వకపోవడం మోసం కిందికి వచ్చే నేరం కాదు, స్టేషన్‌లో ‘సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి’ అని పంపేస్తారు. ఆ కాగితం రేపు కమిషన్‌లో మీరు ఒత్తిడి తెచ్చారనడానికి వాళ్లకే పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ విషయంలో ఆశ పెట్టుకోకండి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటారు పాలసీలో మినహాయింపులు. కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్-ఆన్ (అదనపు కవరేజీ) కొన్నారేమో పాలసీ చూడండి, అందులోనూ కీ పోవడం, పాడవడం లాంటివి ఏవి వస్తాయో షరతులు చదవాలి. ఇంకొకటి, లాక్ సెట్ మార్చాక పాత కీలు రెండూ, మార్చినట్టు బిల్లూ కారు కాగితాలతోనే ఉంచండి. బండి పోయిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది రెండు కీలూ చూపించమనే. అప్పుడు చేతిలో కొత్త కీలు, వాళ్ల రికార్డులో పాత లాక్ అంటే అదో కొత్త పేచీ.