ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌కు విలువ పెరగాలంటే ఏం మార్చాలి?

మీ ప్రశ్న ఇది: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో టీమ్ రెగ్యులర్ సీజన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌కు ముందు, 82 మ్యాచ్‌లు ఆడుతుంది, కానీ ప్లేఆఫ్స్ వచ్చే దాకా ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, పెద్ద ఆటగాళ్లు రెస్ట్ పేరుతో కూర్చుంటారు. దీన్ని ఎట్లా మార్చాలి? చాలామంది చెప్పే జవాబు మ్యాచ్‌లు తగ్గించమని. నేను మాత్రం ముందు పట్టికలో పై స్థానానికి దక్కే లాభం పెంచమంటాను. రెండో స్థానంలో ముగించిన టీమ్‌కూ ఆరో స్థానంలో ముగించిన టీమ్‌కూ మధ్య తేడా ఆటగాడి ఒంటికి తెలియాలి. అది తెలిస్తే జనవరిలో జరిగే మ్యాచ్ కూడా ఆడాలనిపిస్తుంది. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తూ, ఏళ్ల తరబడి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లు నడిపిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ముందు ఇప్పుడున్న లెక్క చూడండి. మొత్తం 30 టీమ్‌లు, ఈస్ట్‌లో 15, వెస్ట్‌లో 15. ఒక్కో వైపు మొదటి ఆరు టీమ్‌లు నేరుగా ప్లేఆఫ్స్‌కు పోతాయి. ఏడు నుంచి పది దాకా ఉన్నవి మిగిలిన రెండు స్థానాల కోసం ప్లే-ఇన్ అనే అర్హత మ్యాచ్‌లు ఆడతాయి. అంటే ఆరు నెలలు ఆడాక కూడా 30లో 20 టీమ్‌లకు ఇంకా ఆశ ఉంటుంది. ఇంత కష్టపడి మొదటి స్థానం తెచ్చుకున్న టీమ్‌కు ఏం దక్కుతుంది? కొంచెం బలహీనమైన ప్రత్యర్థి, హోం కోర్టు. ఆ హోం కోర్టు లాభం కూడా ఏమంత కాదు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో నాలుగు సొంత ఊళ్లో, మూడు అవతల. ఆ నాలుగోది ఏడో మ్యాచ్, సిరీస్ అక్కడిదాకా పోతేనే దాని అవసరం. ఆరు మ్యాచ్‌లలో తేలిపోతే ఇద్దరికీ చెరి మూడు.

2023లో మయామీ హీట్ 44 గెలిచి 38 ఓడింది. ప్లే-ఇన్ మొదటి మ్యాచ్‌లో అట్లాంటా చేతిలో ఓడింది, రెండో దాంట్లో షికాగోను ఓడించి ఎనిమిదో టీమ్‌గా లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే, ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువగా 58 మ్యాచ్‌లు గెలిచిన మిల్వాకీని 4-1తో ఇంటికి పంపించింది. ఆ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే మిల్వాకీ స్టార్ యానిస్‌కు దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ మయామీ అక్కడ ఆగలేదు, న్యూయార్క్‌ను, బోస్టన్‌ను కూడా దాటుకుని ఫైనల్స్ దాకా పోయింది. మయామీ ఆట నాకు ఎంతో నచ్చింది. కానీ మిల్వాకీ వైపు నుంచి ఆలోచించండి. మయామీ కంటే 14 మ్యాచ్‌లు ఎక్కువ గెలిచినందుకు వాళ్లకు దక్కింది ఒక హోం కోర్టు, అంతే.

ఇక్కడ మా దగ్గర జరిగిన సంగతి చెప్పాలి. మా టోర్నమెంట్లన్నీ లీగ్ కమ్ నాకౌట్ పద్ధతిలోనే ఉంటాయి. రెండు పూల్‌లు, ఒక్కో పూల్‌లో నాలుగు టీమ్‌లు, పైన రెండు సెమీస్‌కు. ఒక ఏడు ఒక పూల్‌లో ఒక టీమ్ మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచి సెమీస్ ఖాయం చేసుకుంది. మూడో మ్యాచ్‌కు మెయిన్ ఫైవ్‌ను మొత్తం బెంచీ మీద కూర్చోబెట్టి, అప్పటిదాకా బూట్లు కట్టని పిల్లలను దింపింది. అవతలి టీమ్ సునాయాసంగా గెలిచింది. దాంతో పాయింట్ల తేడాతో ఇంకో టీమ్ బయటికి పోయింది. పోయిన ఆ టీమ్ పిల్లలు పొద్దున్నే ఆర్టీసీ బస్సులో దూరం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కెప్టెన్ స్కోరర్ టేబుల్ దగ్గరికి వచ్చి స్కోరు షీట్ మీద చెయ్యి పెట్టి అడిగాడు: “మా మీద ఫుల్ టీమ్‌ను దింపిన్రు, వాళ్ల మీద బెంచోళ్లను దింపిన్రు. ఇదేం లీగ్ సార్?”

రూల్ ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎవరిని ఆడించాలో ఆ కోచ్ ఇష్టం. తర్వాత నేను ఆ కోచ్‌ను అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: “ఫస్ట్ వచ్చినా సెకండ్ వచ్చినా రేపు సెమీస్ ఆడుడే కద సార్. పోరగాళ్ల కాళ్లు ఎందుకు ఇరగ్గొట్టుకోవాలె?” నిజం చెప్పాలంటే ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. తప్పు కోచ్‌ది కాదు, మొదటి స్థానానికి విలువ ఇవ్వని ఫార్మాట్‌ది.

మరుసటి ఏడు పద్ధతి మార్చాం. పూల్ టాపర్ నేరుగా సెమీస్‌కు. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవి అవతలి పూల్ వాళ్లతో ముందుగా ఒక మ్యాచ్ ఆడి గెలిచి రావాలి. ఆ మ్యాచ్ పొద్దున పదకొండింటికి, సెమీస్ అదే రోజు సాయంత్రం ఐదు దాటాక. నల్లగొండ ఎండలు తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో పదకొండింటికి సిమెంటు కోర్టు మీద ఆడితే బూటు అడుగులోంచి కాక పాదానికి తగులుతుంది, కోర్టు పక్కన పెట్టిన రబ్బరు బంతి చేతికి చుర్రుమంటుంది. అట్లాంటి మ్యాచ్ ఆడి వచ్చిన టీమ్, నీడపట్టున పడుకుని లేచిన టీమ్‌తో సాయంత్రం తలపడాలి.

ఇక చూడాలి ఆ పూల్ ఆఖరి మ్యాచ్‌లు! రెండు మ్యాచ్‌లు గెలిచిన టీమ్ కూడా నాలుగో క్వార్టర్ దాకా మెయిన్ ఫైవ్‌ను తీయలేదు. మడమ బెణికిన ఒక పిల్లవాడు క్రేప్ బ్యాండేజీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి గట్టిగా కట్టమన్నాడు. పంపించలేదు, కూర్చోమన్నాను. కానీ ఆడాలన్న కోరిక వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. క్యాష్ ప్రైజ్ పెంచలేదు, ఎవరికీ ఫైన్ వేయలేదు.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2024 మే 19న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ పంజాబ్ మీద 215 పరుగుల టార్గెట్ కొట్టింది. ప్లేఆఫ్స్ బెర్త్ అప్పటికే ఖాయం. అయినా ఆ రాత్రి గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్‌కు వాన పడుతుంటే మా హాస్టల్ పిల్లలందరూ ఫోన్లు వదల్లేదు. ఎందుకు? ఆ మ్యాచ్ రద్దయితే హైదరాబాద్, రాజస్థాన్ ఇద్దరికీ 17 పాయింట్లు, నెట్ రన్‌రేట్‌తో హైదరాబాద్‌కు రెండో స్థానం. రద్దయింది. రెండో స్థానం అంటే రెండు అవకాశాలు. ఆ రెండో అవకాశమే సన్‌రైజర్స్‌ను ఫైనల్‌కు తీసుకుపోయింది: క్వాలిఫైయర్ 1లో కోల్‌కతా చేతిలో ఓడి కూడా, క్వాలిఫైయర్ 2లో రాజస్థాన్‌ను ఓడించింది. ఫైనల్ పోయింది, అది వేరే బాధ. నేను చెప్పేదల్లా ఒక్కటే: రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య అంత తేడా ఉంది కాబట్టే బెర్త్ ఖాయమైన టీమ్ కోసం కూడా మేము వాన లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం.

ఎన్‌బీఏలో ఇదే పని రెండు రకాలుగా చేయవచ్చు. ఒకటి, ప్లే-ఇన్‌ను ఐదో స్థానం దాకా పైకి జరపడం. నేరుగా ప్లేఆఫ్స్‌కు పోయేవి నాలుగే టీమ్‌లు, ఐదు నుంచి పది దాకా ఉన్నవి పోరాడి రావాలి. అప్పుడు నాలుగో స్థానం కోసం మార్చి నెలంతా కొట్లాట ఉంటుంది, నలుగురికీ వారం రోజుల విశ్రాంతి కూడా దక్కుతుంది. రెండోది, మొదటి రౌండ్‌లో మొదటి రెండు స్థానాల వాళ్లకు ఏడింటిలో ఐదు మ్యాచ్‌లు సొంత కోర్టులో పెట్టడం. దీనికి తోడు మొదటి స్థానం టీమ్ తన ప్రత్యర్థిని తానే ఎంచుకునే వీలు ఇస్తే ఇంకా మంచిది. ‘వీళ్లయితే మాకు సులువు’ అని టీవీలో అందరి ముందు చెప్పాల్సి వస్తే, ఆ మాట పడ్డ టీమ్ ఎట్లా ఆడుతుందో ఊహించండి.

మ్యాచ్‌లు తగ్గించడం నాకూ ఇష్టమే. 1967-68 నుంచి 82 నడుస్తోంది. ఓనర్లకూ ఆటగాళ్లకూ గొడవై లీగ్ ఆగిపోయిన లాకౌట్ వల్ల 2011-12లో 66, కరోనా వల్ల 2020-21లో 72 ఆడారు. ఆకాశం ఊడిపడలేదు. కానీ ఓనర్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఒక్కో టీమ్‌కు 41 హోం మ్యాచ్‌ల టికెట్ డబ్బు వస్తుంది. పైగా 2025-26 నుంచి డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌లతో 11 ఏళ్లకు సుమారు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం నడుస్తోంది. ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకే పోతుంది కాబట్టి మ్యాచ్‌లు తగ్గితే వాళ్ల జేబుకూ చిల్లే. ప్లే-ఇన్ పెంచితే మాత్రం మ్యాచ్‌లు పెరుగుతాయి తప్ప తగ్గవు. ఓనర్లు కాదనడానికి కారణం ఉండదు, అందుకే నేను దాన్నే ముందు పెట్టాను.

లీగ్ ఇప్పటిదాకా చేసినవి చూస్తే ఎక్కువగా బెదిరింపులే. 2012లో శాన్ ఆంటోనియో మయామీ మ్యాచ్‌కు ముందు తన స్టార్లు డంకన్, పార్కర్, జినోబిలీలను ఇంటికి పంపితే 2.5 లక్షల డాలర్ల ఫైన్. 2023-24 నుంచి 65 మ్యాచ్‌లు ఆడకపోతే ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) లాంటి అవార్డులకు అర్హత లేదు. ఈ 65 రూల్ వల్ల కొంత మేలు జరిగింది, కాదనను. కానీ అవార్డు మీద కాంట్రాక్టు డబ్బు కూడా ఆధారపడి ఉంటే, తొడ కండరం పట్టేసినవాడు కూడా లెక్క కోసం దిగుతాడు. పిల్లల కాళ్లకు బ్యాండేజీలు కట్టే పనిలో ఉన్నవాడిగా నాకు ఆ రూల్ అంటే భయం. ఒక్క అంకె దగ్గర గీత గీయకూడదు.

సీజన్ మధ్యలో జరిగే ఎన్‌బీఏ కప్ మాత్రం నాకు నచ్చింది. 2023లో మొదలైంది, మొదటి ఏడు లేకర్స్ గెలిచింది, ఒక్కో ఆటగాడికి 5 లక్షల డాలర్లు. బెంచీ చివర కూర్చునే వాడికి అది పెద్ద మొత్తమే, స్టార్లకు కాదు. దాన్ని కూడా పట్టికతో ముడిపెట్టాలి. సీజన్ చివర రెండు టీమ్‌ల గెలుపులు సమానంగా ఉంటే కప్ గెలిచిన టీమ్‌ను పైన పెట్టండి చాలు. నేరుగా ప్లేఆఫ్స్ బెర్త్ ఇస్తే డిసెంబర్‌లో గెలిచి మిగతా సీజన్ నిద్రపోతారు.

ఇక పట్టిక అడుగు భాగం. అక్కడ ఓడిపోతే లాభం! టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి వంతు, అంటే మొదటి పిక్, ఎవరిదో లాటరీ తేలుస్తుంది. 2019లో తెచ్చిన పద్ధతిలో అట్టడుగు మూడు టీమ్‌లకు తలా 14 శాతం చొప్పున ఆ అవకాశం. 2023 ఏప్రిల్‌లో డల్లాస్ ప్లే-ఇన్ ఆశ ఇంకా ఉండగానే షికాగోతో మ్యాచ్‌కు తన స్టార్ కైరీ ఇర్వింగ్‌ను పక్కన పెట్టి ఓడింది. ఆ ఏడు డల్లాస్ పిక్ మొదటి పదిలో ఉంటేనే వాళ్లకు దక్కుతుంది, లేకపోతే పాత ఒప్పందం ప్రకారం న్యూయార్క్‌కు పోతుంది. లీగ్ 7.5 లక్షల డాలర్ల ఫైన్ వేసింది. పిక్ పదో నంబర్‌కు వచ్చి వాళ్ల దగ్గరే మిగిలింది. దాన్ని ఇంకో టీమ్‌తో మార్చుకుని 12వ నంబర్‌లో డెరెక్ లైవ్లీని తీసుకున్నారు, మరుసటి ఏడే అతనితో కలిసి ఫైనల్స్ ఆడారు. ఆ ఫైన్‌కు ఎవరు భయపడతారు చెప్పండి?

దీనికి మందు ఇప్పటికే ఒక లీగ్ వాడుతోంది. అమెరికా, కెనడాల్లో ఆడే మహిళల ఐస్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో ప్లేఆఫ్ ఆశ పోయిన తర్వాత ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న టీమ్‌కే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. బలహీనమైన టీమ్ ముందే బయటికి పోతుంది కాబట్టి పాయింట్లు పోగేసుకోవడానికి దానికి ఎక్కువ మ్యాచ్‌లు మిగులుతాయి, అంటే బలహీనులకు న్యాయమూ జరుగుతుంది. ఎన్‌బీఏ దీన్ని యథాతథంగా తీసుకోవచ్చు.

మా దగ్గర ఈస్ట్ టీమ్‌ల మ్యాచ్‌లు చలికాలంలో పొద్దున ఐదున్నరకు మొదలవుతాయి, సరిగ్గా మా ప్రాక్టీసు వేళకు. వార్మప్‌కు ముందు పిల్లలు ఫోన్ తీసి చూసేది స్కోరు కాదు, ఇంజురీ రిపోర్టు. “ఇయ్యాల ఎవరు ఆడుతలేరు సార్?” అని అడుగుతారు. ఇద్దరు ముగ్గురు పెద్ద పేర్లు కనబడకపోతే ఫోన్ జేబులో పెట్టేస్తారు. నాలుగో స్థానం కోసం, లేదా మొదటి పిక్ కోసం ఆ మ్యాచ్ గెలిచి తీరాల్సిన పరిస్థితి ఉంటే కోచ్‌లు ఆ పేర్లను ఆ రిపోర్టులో అంత తేలిగ్గా రాయరు. అప్పుడు మార్చి నెలలో ఫీనిక్స్, శాక్రమెంటో మ్యాచ్‌ను కూడా మా పిల్లలు ప్రాక్టీసు మధ్యలో అడిగి మరీ తెలుసుకుంటారు.