విమానాల పొగ తగ్గించే చదువు: ఆ పాతిక వేలు ఇప్పుడే కట్టకండి

ప్రశ్న: మాది తణుకు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. విమానాల వల్ల వచ్చే కాలుష్యం తగ్గించే పని చేస్తానంటోంది. ‘ఏరోస్పేస్ విత్ సస్టెయినబుల్ ఏవియేషన్’ అని కొత్త బీటెక్ ఉందని, తర్వాత యూరప్‌లో ఎంఎస్ చేస్తే తిరుగుండదని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. నాలుగేళ్లకు 18 లక్షలవుతుంది. నెలాఖరులోగా పాతిక వేలు కడితే సీటు ఆపుతారట. బంధువులంతా సీఎస్‌ఈ చేర్చమంటున్నారు. కెమికల్ మంచిదని ఎవరో అన్నారు. మూడింటినీ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: ఇదే ప్రశ్న నాకు ఒకప్పుడు బయోటెక్నాలజీ పేరుతో వచ్చేది, తర్వాత డేటా సైన్స్ పేరుతో వచ్చింది. ఇప్పుడు గ్రీన్ ఏవియేషన్ వంతు. పేరు ఏదైనా అడుగున ఉన్న భయం ఒకటే. అందరూ వెళ్లే దారి వదిలేస్తే పిల్ల ఎటూ కాకుండా పోతుందేమో, మనకు అప్పు మిగులుతుందేమో అని. ముందు ఆ భయం సంగతి చూద్దాం. మీ అమ్మాయి కోరిక గాలిలో మేడ కాదు. ఈ పని నిజంగానే ఉంది, ఆమె పనిచేసే వయసంతా ఉంటుంది. కాకపోతే అది కన్సల్టెన్సీ వాళ్లు చూపించిన చోట లేదు.

ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా సుమారు 2.5 శాతం. చిన్నదే అనిపిస్తుంది. కానీ వదిలించుకోవడం మహా కష్టం. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12 యూనిట్ల కరెంటుకు సరిపడా శక్తి ఉంటుంది. కిలో లిథియం బ్యాటరీలో ఉండేది పావు యూనిట్. స్కూటర్‌కు పెట్టినట్టు విమానానికి బ్యాటరీ పెడితే అది బ్యాటరీలనే మోయాలి, మనుషులకు చోటుండదు. అందుకే 2050 నాటికి నెట్ జీరో, అంటే నికరంగా సున్నా కార్బన్, చేరతామని 2021లో తీర్మానించినప్పుడు విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ ఒక లెక్క చెప్పింది. తగ్గించాల్సిన దాంట్లో 65 శాతం దాకా కొత్త ఇంధనం వల్లే జరగాలని. సాఫ్ (సస్టెయినబుల్ ఏవియేషన్ ఫ్యూయెల్) అంటున్నారే, అదే. వాడేసిన వంటనూనె, చెరకు మొలాసిస్, నూకల నుంచి తీసిన ఆల్కహాల్, పంట వ్యర్థాలు, ఇలాంటి వాటితో చేస్తారు. ఇప్పుడున్న ఇంజిన్లలోనే మామూలు ఇంధనంతో సగం దాకా కలిపి వాడొచ్చు.

అంటే పేరు విమానానిది, పని రిఫైనరీది. ఆల్కహాల్‌ను విమాన ఇంధనంగా మార్చడానికి కావలసింది ఉత్ప్రేరకాలు, రియాక్టర్లు, డిస్టిలేషన్ తెలిసిన మనిషి. రెక్కల డిజైన్ తెలిసిన మనిషి ఆ పనికి అక్కర్లేదు. ఈ సంగతి మీ ఊరికి ఒకరు చెప్పాలా? ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం మీ తణుకులోనే తయారైంది. దాన్ని తయారుచేసింది కెమికల్ వాళ్లే కదా.

ఇక ఈ రంగం మీద నాకున్న అనుమానాలు దాచుకోను. హైడ్రోజన్ విమానం 2035కల్లా తెస్తామని ఎయిర్‌బస్ 2020లో ప్రకటించింది. 2025లో ఆ గడువు వాయిదా వేసుకుంది. హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 253 డిగ్రీలు కావాలి, అప్పుడు కూడా అంతే శక్తికి నాలుగింతల చోటు పడుతుంది. ఎలక్ట్రిక్ ఎయిర్ టాక్సీ చేస్తామన్న జర్మనీ కంపెనీ లిలియం 2024లో దివాలా తీసింది. రాటర్‌డామ్‌లో పెద్ద బయో ఇంధన ప్లాంటు సగం కట్టిన షెల్ కంపెనీ 2025లో దాన్ని పూర్తిచేయబోమని చెప్పేసింది. 2024లో ప్రపంచం వాడిన విమాన ఇంధనంలో సాఫ్ వాటా అర శాతం కూడా లేదు. ధర మామూలు ఇంధనానికి రెండింతల పైమాటే.

మనవైపు ఇంకా పాత కథ ఒకటుంది. 2000 తర్వాత అడవి ఆముదం, అదే జట్రోఫా, నాటితే బీడు భూముల్లో డీజిల్ పండుతుందని ఊరూరా చెప్పారు. నాటినవాళ్లలో చాలామంది దిగుబడి రాక పీకేశారు. 2018లో ఆ నూనెతో చేసిన ఇంధనాన్ని ఒక ఇంజిన్‌లో 25 శాతం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపారు. విమానమైతే ఎగిరింది, రైతుకు మాత్రం ఆ పంట గిట్టలేదు. ఏదైనా కొత్త ‘గ్రీన్’ కోర్సు బ్రోషర్ చూసినప్పుడల్లా నాకు ఆ మొక్కే గుర్తొస్తుంది.

అయితే ఈసారి ఒక తేడా ఉంది, చట్టాలు వచ్చాయి. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయాల్లో అమ్మే ఇంధనంలో 2025 నుంచి 2 శాతం సాఫ్ తప్పనిసరి, 2030కి 6 శాతం. మన దేశం అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2030కి 5 శాతం లక్ష్యం పెట్టుకుంది. వాడిన వంటనూనెతో దీన్ని తయారుచేయడానికి ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి 2025లో సర్టిఫికెట్ వచ్చింది. కాబట్టి రంగం నిలబడుతుందనే నా నమ్మకం. ఏ కంపెనీ నిలబడుతుందన్నది మాత్రం నన్ను అడగొద్దు.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ వాళ్ల మాట ఉంది, బంధువుల మాట ఉంది, ఆఖరికి ‘ఎవరో’ అన్న మాట కూడా ఉంది. అమ్మాయి మాట మాత్రం ఒక్క వాక్యమే. ఆమెకు కెమిస్ట్రీ ఇష్టమా, భయమా? విమానాలంటే పిచ్చా, లేక కాలుష్యం చూసి బాధా? ఇవి అడగకుండా 18 లక్షల లెక్కకు వెళ్లిపోయారు. కోప్పడుతున్నాననుకుంటే అనుకోండి. సీటు నింపితే కమీషన్ వచ్చేవాళ్లను సలహా అడిగి, చదవాల్సిన పిల్లను అడగకపోతే ఎలా?

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆమెకు కెమిస్ట్రీ నచ్చితే కెమికలే నా మొదటి మాట. ఎన్ఐటీ వరంగల్, ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, ఎక్కడైనా సరే. సాఫ్ దెబ్బతిన్నా విశాఖ రిఫైనరీ ఉంటుంది, ఫార్మా ఉంటుంది. మన ఇళ్లలో టెన్షన్ తగ్గించేది ఇదే. ఏరోస్పేస్ మంచి చదువే, కానీ పేరున్న సంస్థలో దొరికితేనే. అమెరికాలో ఆ రంగం ఉద్యోగాలు చాలావరకు అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఏరోస్పేస్ చేసి ఇప్పుడు ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. బ్రోషర్‌లో విండ్ టన్నెల్ ఫొటో ఉందట, కాలేజీలో దానికి నాలుగేళ్లూ తాళమేనట. సీఎస్‌ఈ చదివినా ఈ పనికి దూరమేమీ కాదు. విమానాల వెనక కనిపించే తెల్లటి చారలు కూడా భూమిని వేడెక్కిస్తాయి. కృత్రిమ మేధ అంచనాలతో ఎత్తు మార్చి నడిపితే ఆ చారలు సగానికి పైగా తగ్గాయని గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమాన ప్రయాణాల్లో చేసిన ప్రయోగంలో 2023లో తేలింది.

ఏ బ్రాంచి అయినా యూరప్ ఎంఎస్ తలుపులు మూసుకుపోవు. ఆ నిర్ణయానికి నాలుగేళ్లు టైముంది. పాతిక వేలకు మాత్రం నెలాఖరు గడువు పెట్టారు, ఎందుకో ఆలోచించండి. ఈలోగా అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. తనకేం కావాలో తన చేత్తోనే రాసి పంపమనండి, మీరు పక్కన కూర్చుని చెప్పకుండా. దానికి విడిగా జవాబిస్తాను.