ఆ ప్రసంగం విని చదువు మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. యాపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ జాబ్స్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చేసిన స్నాతకోత్సవ ప్రసంగం చూసినప్పటి నుంచి, నచ్చని చదువు మానేసి యానిమేషన్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తల్లి

జవాబు: ముందు నచ్చజెప్పడం ఆపండి. ఆ ప్రసంగాన్ని ఇద్దరూ కలిసి ఇంకోసారి వినండి, పావుగంటే కదా. 2005 జూన్ 12న, పట్టాలు అందుకుంటున్న పిల్లల ముందు నిలబడి, తాను డిగ్రీ పూర్తి చేయలేదని జాబ్స్ మొదట్లోనే చెప్పేశాడు. మానేద్దామనుకునే పిల్లల చెవులు అక్కడే ఆగిపోతాయి.

ఆ తర్వాత చెప్పింది వినాలి. రీడ్ కాలేజీలో ఆర్నెల్లకే చదువు మానేశాడు గానీ క్యాంపస్ వదల్లేదు. మరో ఏడాదిన్నర అక్కడే తిరుగుతూ ఇష్టమైన క్లాసుల్లో కూర్చున్నాడు. స్నేహితుల గదుల్లో నేలమీద పడుకున్నాడు, ఖాళీ సీసాలు తిరిగిచ్చి వచ్చిన ఐదేసి సెంట్లతో తిండి కొనుక్కున్నాడు. కాలిగ్రఫీ (అక్షరాల్ని అందంగా రాసే కళ) క్లాసులో, ఏ అక్షరం పక్కన ఏది వస్తే మధ్య ఎంత ఖాళీ వదలాలో నేర్చుకున్నాడు. అది ఎందుకైనా పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు. పదేళ్ల తర్వాత యాపిల్ వారి మెకింతోష్ కంప్యూటర్ తయారీలో అక్కరకొచ్చింది. మానేయడానికి ఆయన చెప్పిన కారణాల్లో, అమ్మానాన్నలు జీవితమంతా దాచుకున్న డబ్బు ఫీజులకే పోతోందన్నదీ ఒకటి. (ఈ మాట మీరు ఎత్తితే దెప్పినట్టుంటుంది. వాణ్ణే విననివ్వండి.)

అందుకని 'ఎందుకు మానేస్తావ్?' అనకండి. 'కాలేజీ లేని రోజు పొద్దున్నే లేచి ఏం చేస్తావ్?' అని అడగండి. యానిమేషన్ నేర్చుకునేవాళ్లు మొదట్లో చేసే అభ్యాసం, బంతి నేలకు తగిలి ఎగరడం. చూడ్డానికి ఎంతో తేలిక. కానీ రబ్బరు బంతికీ ఇనుప గుండుకీ తేడా కంటికి తెలిసేదాకా ఫ్రేములు (వరసగా కదిలే ఒక్కో బొమ్మ) సరిచేస్తూనే ఉండాలి. మీవాడు సెలవుల్లో ఆ విసుగుపుట్టించే పని మీద కూర్చోగలిగితే ఇష్టం నిజమే. యానిమేషన్ చూడ్డం ఇష్టమైనంత మాత్రాన, చేయడం కూడా ఇష్టమవుతుందని లేదు.

30 ఏళ్ల వయసులో జాబ్స్, తను పెట్టిన యాపిల్ నుంచే గెంటేయించుకున్న కథ మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాతే నెక్స్ట్ అనే కంప్యూటర్ కంపెనీ, పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియో వచ్చాయి. దానిమీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఆ ప్రసంగంలో జాబ్స్ చెప్పిన, అద్దం ముందు వేసుకునే ప్రశ్న మాత్రం మీవాడికి బాగా పనికొస్తుంది. 'ఇదే నా చివరి రోజైతే, ఈరోజు చేయబోయే పని చేస్తానా?' అని రోజూ తనను తానే ప్రశ్నించుకునేవాడట. వరసగా చాలా రోజులు 'లేదు' అని జవాబొస్తే, ఏదో ఒకటి మార్చాలని అర్థమయ్యేదట. ఒక్కరోజు చిరాకు లెక్కలోకి రాదు. పైగా ఆయన అన్నది ఏదో ఒకటి మార్చాలని, అన్నీ వదిలేయమని కాదు. మార్చడానికి ఎలక్టివ్ ఉంది, ప్రాజెక్టు ఉంది, సాయంత్రాలున్నాయి.

నన్నడిగితే, మూడో ఏడాదిదాకా వచ్చినవాడు పరీక్షలు గట్టెక్కుతుంటే డిగ్రీ పూర్తి చేయడమే మేలు. పైచదువులకు, చాలా ఉద్యోగాలకు అది అడుగుతారు. ఈలోగా చేసిన పనులన్నీ ఒక షోరీల్‌గా (మంచి పనుల ముక్కలు కూర్చిన చిన్న వీడియో) పోగేయమనండి. యానిమేషన్ స్టూడియోలు ముందు చూసేది దాన్నే. బ్యాక్‌లాగులు పేరుకుపోయి, తిండీ నిద్రా దెబ్బతింటుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి, సెమిస్టర్ విరామం గురించి కాలేజీలో అడగండి. తిరిగి చేరే గడువు, మళ్లీ కట్టాల్సిన ఫీజు నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకున్నాకే దరఖాస్తు మీద సంతకం పెట్టండి.