కారును కాదు అమ్మీ, రోడ్డును చూడు

అమ్మీ,

రాత్రి ఫోన్లో హడావిడిగా చెప్పి పెట్టేశావు గానీ, ఈ శని ఆదివారాలు మీ జేఎన్‌టీయూ పిల్లలు నలుగురు కొండ మీద కార్ల పందేనికి మార్షల్స్‌గా, అంటే మలుపుల దగ్గర జెండా పట్టుకుని దారి కాచేవాళ్ళుగా, పోతున్నారని విన్నప్పటినుంచీ నాకు కాలు నిలవడం లేదు. 14 ఏళ్ళు ఆ పని చేసినవాణ్ణి, మోకాళ్ళు బాగుంటే మీ బండిలోనే ఎక్కి వచ్చేవాణ్ణి. ఆడపిల్లను ఘాట్ రోడ్డు మీద ఎండలో నిలబెడతారా అని మీ అమ్మకు ఒకటే టెన్షన్. ఆమెతో నేను మాట్లాడతాలే. నీకు చెప్పాల్సినవి మాత్రం ఫోన్లో అయ్యేవి కావు, అందుకే రాస్తున్నా.

ముందుగా, ఆ పందేనికి ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతి ఉందా లేదా అని నిర్వాహకులను మొహమాటం లేకుండా అడుగు. దేశంలో మోటార్ పందేలకు పెద్ద దిక్కు ఆ సంస్థే. అనుమతి ఉన్న పందెమంటే రోడ్డు మూస్తారు, అంబులెన్సు, డాక్టరు, ఇన్సూరెన్సు అన్నీ ఉంటాయి. లేదంటే దానికీ మన హైవే మీద తెల్లారుజామున కుర్రాళ్ళు కట్టే పందేలకూ ఏం తేడా లేదు, నువ్వు గుమ్మం దాటనక్కర్లేదు. సంతకం పెట్టమని ఒక ఫారం ఇస్తారు, చదివి పెట్టు.

నువ్వు నాకు చూపించిన వీడియో అమెరికాలోని పైక్స్ పీక్‌ది. 1916లో మొదలైన పందెం, 20 కిలోమీటర్లు, 156 మలుపులు, 2018లో రొమాన్ డ్యూమా అనే ఆయన కరెంటు కారుతో 8 నిమిషాల లోపే ఎక్కేశాడు. ఇక్కడ అలా ఉంటుందనుకుని పోవద్దు. రెండు మూడు కిలోమీటర్ల దారి ఉంటుంది, పాత ఎస్టీమ్, జిప్సీ, పోలో కార్లు ఉంటాయి, నడిపేవాళ్ళు సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోవాల్సిన మనుషులు. అందుకని చిన్నచూపు కూడా వద్దు. ఇంగ్లండులో షెల్‌స్లీ వాల్ష్ అని ఒక కొండ ఉంది, దారి మొత్తం కలిపి 1000 గజాలు, కిలోమీటరు కూడా నిండదు. యుద్ధాల కాలం తప్పిస్తే 1905 నుంచి అదే దారిలో పందెం నడుస్తూనే ఉంది, జనం పోతూనే ఉన్నారు.

కొండ పందెంలో కార్లను ఒక్కొక్కటిగా వదుల్తారు. పక్కన ఇంకో కారు ఉండదు, పోటీ అంతా గడియారంతోనే. వినడానికి ఇది నిమ్మళంగా ఉంటుంది గానీ, డ్రైవరు వైపునుంచి ఆలోచించు. అందరూ కలిసి పరుగెత్తే సర్క్యూట్ ట్రాక్ మీదైతే ముందుపోయే కారు జారితే వెనకవాడికి కనిపిస్తుంది. ఇక్కడ మలుపు అవతల ఏముందో అతనికి తెలిసే దారే లేదు, నీ చేతిలో జెండా తప్ప. అతను నిన్ను నమ్మి యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు.

నా మొదటి ఏడాది సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నన్ను ఐదో పోస్టులో, అంటే మార్షల్ నిలబడే ఐదో చోట పెట్టారు, ఎడమకు పూర్తిగా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు. ఒక ఎర్ర జిప్సీ వచ్చింది. లోపలి చక్రం తారు దిగి మట్టి అంచును కోసుకుంటూ ఎంత అందంగా తిరిగిందంటే, నేను తలతిప్పి అది కనుమరుగయ్యేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ అంచులోంచి రెండు పిడికిళ్ళ కంకర దొర్లి తారు మీదికి వచ్చింది. శనగగింజలంత రాళ్ళు, నడిచే మనిషికైతే లెక్కలోకి కూడా రావు. నేను చూడలేదు. తర్వాత వచ్చిన తెల్ల ఎస్టీమ్ ముందు చక్రాలు సరిగ్గా వాటి మీదికెక్కాయి, అతను స్టీరింగ్ తిప్పడం నాకు కనిపిస్తూనే ఉంది, కారు మాత్రం తిరగలేదు, నేరుగా పోయి గట్టుకు తగిలింది. ఖాళీ పీపాను గోడకేసి కొట్టినట్టు చప్పుడు. మనిషికి ఏమీ కాలేదు, భుజం మీద బెల్టు ఒరుసుకున్న ఎర్రటి చార తప్ప. కారు రేడియేటర్ పగిలి పచ్చటి నీళ్ళు నా బూట్ల దాకా పారాయి.

అందుకే నీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. కారును చూడొద్దు, కారు వదిలిపెట్టిపోయినదాన్ని చూడు. చప్పుడు దగ్గరికొచ్చి నీ ముందునుంచి దాటిపోయిన క్షణంలో మెడ దానంతటదే కారు వెంట తిరుగుతుంది, తిరగనివ్వొద్దు. తారు మీద చూపు పెట్టు. ఆయిల్ పడితే ఎండలో నల్లగా మెరుస్తుంది, నీళ్ళయితే కాసేపటికి ఆరతాయి, ఆయిల్ ఆరదు. కొత్త గీత ఏదైనా కనిపించిందా, రాయి లేచిందా, కారు కింది ముక్క ఏదైనా ఊడిపడిందా చూడు. ఏదైనా ఉంటే ముందు జెండా, వెంటనే వాకీటాకీలో కంట్రోల్‌కు, అంటే పందెం నడిపించేవాళ్ళకు, మాట. పసుపు ఊపితే ప్రమాదం ఉందని, పసుపు మీద ఎర్ర చారలున్నది చూపిస్తే రోడ్డు జారుతోందని, ఎరుపు ఊపితే అక్కడికక్కడే ఆగమని అర్థం. ఎరుపు మాత్రం కంట్రోల్ చెప్పనిదే ఎత్తొద్దు. మిగతావి పొద్దున బ్రీఫింగ్‌లో చెప్తారు, అది అరగంట ముందుగానే పోయి వినాల్సిన పని.

ఆ రోజు సాయంత్రం ఆ ఎస్టీమ్ మనిషి దగ్గరికి నేనే పోయి, కంకర పడింది, నేను చూడలేదు అని చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన బ్యాంకులో క్లర్కు, ఏడాది పొడుగునా జీతంలోంచి మిగిల్చి తయారుచేసుకున్న కారు అది. కాసేపు నా ముఖం చూసి, చిత్రాన్నం ప్లేటు ఒకటి చేతికిచ్చి, "రేపు అదే పోస్టులో ఉంటావా?" అన్నాడు. ఉంటానన్నా. "అయితే ఊడ్చిపెట్టు, నేను మళ్ళీ వస్తా" అన్నాడు. కారు ముందు భాగం అంతా నలిగిపోయి ఉంటే ఎలా వస్తాడా అనుకున్నా. రాత్రి అతని క్లాసు కార్లలోనే అతనితో పోటీపడే ఇంకొకాయన తన స్పేర్ రేడియేటర్ తెచ్చి అక్కడ పెట్టాడు. దాన్ని ఇచ్చేస్తే మర్నాడు తనకేమన్నా అయితే తన పందెం అక్కడితో సరి, అయినా పెట్టాడు. నలుగురు కారు కింద దూరారు, నేను టార్చి పట్టుకుని కూర్చున్నా. రాత్రి 2 గంటలకు స్టార్ట్ చేసి, నీళ్ళు కారడం లేదని వేలితో తడిమి చూసుకుని, అప్పుడు అందరూ చేతులు కడుక్కున్నారు. అన్నిచోట్లా చెప్తారు కదా స్నేహం స్నేహం అని, నేను దాన్ని చూసింది ఆ రాత్రే.

కాబట్టి శనివారం డ్యూటీ అయిపోగానే రూముకు పోయి పడుకోవద్దు. కార్లు పెట్టే చోటికి పో. పని తెలియకపోయినా ఫర్వాలేదు, టార్చి పట్టుకో, జాకీ అందించు, నట్లు డబ్బాలో వేసి పెట్టు. మీ నలుగురూ ఒకచోట గుంపుగా కూర్చుని మీలో మీరే మాట్లాడుకోవడం మాత్రం తగ్గించుకోండి. బెంగళూరు వాళ్ళు, కోయంబత్తూరు వాళ్ళు ఉంటారు, భాష రాకపోతే అక్కడ ఎవరూ ఆగిపోరు. పోయేటప్పుడు మీ అమ్మ చేసే ఓళిగలు ఒక డబ్బా పట్టుకుపో, దానికి అనువాదం అక్కర్లేదు.

నిలబడే చోటు జాగ్రత్త, ఇది బాగా గుర్తుపెట్టుకో. జారిన కారు మలుపు బయటి వైపుకే పోతుంది, అందుకని బయటి వైపు ఎప్పుడూ నిలబడొద్దు. రోడ్డుకంటే ఎత్తులో, చెట్టో బండో అడ్డం ఉన్న చోట నిలబడు. నిలబడకముందే ఇక్కడినుంచి ఎటు పరుగెత్తాలి అని ఒకసారి నిజంగానే పరుగెత్తి చూసుకో, తుమ్మకంపలు అడ్డమొస్తే అప్పుడే తెలుస్తుంది. కార్లు వచ్చే వైపుకు వీపు పెట్టొద్దు. కూర్చోవద్దు. ఫోను బ్యాగులో పెట్టెయ్, ఎందుకంటే గంటకు 90 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 25 మీటర్లు, నువ్వు మెసేజ్ చూసి తలెత్తే రెండు సెకన్లలో కారు 50 మీటర్లు వచ్చేసి ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్ళు మంచి చోటు కోసం ముందుకు ముందుకు జరుగుతుంటారు, వాళ్ళను గట్టిగానే వెనక్కి పంపు. వయసులో పెద్దవాళ్ళని మొహమాటపడొద్దు, వాళ్ళు వెళ్ళకపోతే కంట్రోల్‌కు చెప్పు, పందెం ఆపుతారు.

పొరక పట్టుకుని రోడ్డు మీదికి దిగాలన్నా అంతే. రెండు కార్ల మధ్య వ్యవధి ఉంది కదా, గబుక్కున ఊడ్చేసి వస్తాననుకోవద్దు. రోడ్డు ఆపామని కంట్రోల్ తన నోటితో చెప్పాలి, నువ్వు అదే మాట తిరిగి చెప్పాలి, అప్పుడే దిగు. ఊడ్చేటప్పుడు ఇంకొకరు జెండా పట్టుకుని పైకి చూస్తూ ఉండాలి. ఆయిల్ మీద రంపపు పొట్టో సిమెంటో చల్లి, కాసేపు పీల్చనిచ్చి ఊడ్చాలి. పల్చగా చల్లితే లాభం లేదు.

వాకీటాకీలో కథలు చెప్పొద్దు. ముందు నీ పోస్టు నంబరు, తర్వాత కారు నంబరు, తర్వాత ఏం జరిగింది, డ్రైవరు బయటికి వచ్చాడా లేదా. అంతే. కారు తగిలితే మనకు ఒళ్ళు వణుకుతుంది, గొంతు పైకి పోతుంది, ఒక్కసారి ఊపిరి పీల్చుకుని మాట్లాడు. డ్రైవరు లోపలే ఉంటే, నిప్పు లేకపోతే, బయటికి లాగొద్దు, హెల్మెట్ తీయొద్దు. మెడకు ఏమైందో డాక్టరు చూడాలి. పక్కన నిలబడి, కదలకు అన్నా, వస్తున్నారు అని చెప్తూ ఉండు. ఆ మాట వింటూ ఉండడమే అతనికి పెద్ద ధైర్యం. మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చ గీతలో ఉందా లేదా పొద్దున్నే చూసుకో. అది వాడితే పాతిక సెకన్లు కూడా రాదు, గాలి నీ వెనకనుంచి వచ్చేలా నిలబడి, మంట మీద కాదు, మంట మొదట్లో కొట్టాలి. కాటన్ బట్టలే వేసుకో, ఆ మెరిసే జెర్సీలు నిప్పు తగిలితే ఒంటికి అతుక్కుంటాయి. బూట్లు తప్పనిసరి. దుపట్టా వద్దు, టోపీ పెట్టుకో.

కొండ చుట్టూ ఊళ్ళుంటాయి, ఆ దారి వాళ్ళది. రెండు రోజులు మనం మూసుకున్నామంతే. ఒకసారి గొర్రెల మందతో వచ్చిన ఒక పెద్దాయనను మా వాళ్ళలో ఒక పిల్లవాడు కసురుకున్నాడు. నేను పోయి, అన్నా, మధ్యాహ్నం అన్నం వేళకు గంటసేపు ఆపుతారు, అప్పుడు దాటిస్తా అని చెప్పి కూర్చోబెట్టాను. రాష్ట్రం సరిహద్దు అవతల కూడా తెలుగు నడుస్తుంది కదా, మాటల్లో పడ్డాం. వాన పడిన రెండో రోజు ఆ పై మలుపులో బండ సందులోంచి ఊట రోడ్డు మీదికి వస్తుందని ఆయనే చెప్పాడు. ముందు రోజు రాత్రి వాన పడింది. పోయి చూస్తే నిజంగానే బెత్తెడు వెడల్పున తడి గీత, ఎండ పడని చోట. ఆ రోజంతా అక్కడ చారల జెండా చూపించాం. ఏ మ్యాపులోనూ లేని సంగతి. అందుకే పోగానే ఆ చుట్టుపక్కల ఎవరు కనిపించినా పలకరించు, టీ నీళ్ళు పంచుకో, ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో మర్యాదగా చెప్పు.

నీళ్ళు రెండు లీటర్లు, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా, బొరుగులు, వేయించిన శనక్కాయలు బ్యాగులో ఉండాలి. అన్నం ప్యాకెట్లు ఆలస్యంగానే వస్తాయి, పై పోస్టులకు ఇంకా ఆలస్యం. ఆడపిల్లలకు బాత్రూం ఎక్కడుందో, మధ్యలో పోవాలంటే నీ చోట ఎవరు నిలబడతారో శుక్రవారం సాయంత్రమే అడిగి తేల్చుకో. అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగకుండా నిలబడి కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లను చూశాను నేను, ఆ తప్పు ఆ పిల్లది కాదు, ముందే ఏర్పాటు చెయ్యని మాది.

మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య విసుగొస్తుంది. ఒకే మలుపు, ఒకే ఎండ, నలభై కార్లు దాటిపోయి ఉంటాయి, ఏమీ జరగలేదు కదా అనిపిస్తుంది. ప్రమాదం ఆ వేళే వస్తుంది. అప్పుడు తోటి మార్షల్‌తో చోటు మార్చుకో, ముఖం కడుక్కో.

ఆదివారం చివరి కారు పైకి పోయాక వెంటనే సామాను సర్దేయొద్దు, అక్కడే నిలబడు. పైకెక్కిన కార్లన్నీ వరుసగా నెమ్మదిగా కిందికి దిగుతాయి. హెల్మెట్లు తీసేసి ఉంటారు, ముఖాలు కనిపించేది అప్పుడే. అద్దాలు దించి ప్రతి పోస్టు దగ్గరా చెయ్యి ఊపుతారు, మనం జెండాలన్నీ కలిపి ఊపుతాం. ఆ రెండో రోజు ఆ తెల్ల ఎస్టీమ్, ముందు బానెట్ తాడుతో కట్టి ఉంది, నా పోస్టు దగ్గర పూర్తిగా ఆగింది. ఆయన కిందికి దిగకుండానే తారు వైపు వేలు చూపించి, తల ఊపి, పోయాడు. ఆ తర్వాత 13 ఏళ్ళు ఆయన ఏ పందేనికి వచ్చినా ముందు నేను ఏ పోస్టులో ఉన్నానని అడిగేవాడు. మీ అక్క పెళ్ళికి ఆయన సంసారంతో వచ్చాడు, నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చిన్నపిల్లవి.

శుక్రవారం పొద్దున 5 గంటలకల్లా బయల్దేరండి, ఎండ ఎక్కకముందే ఘాటు మొదలుకు చేరుకుంటే ఒకసారి నీ మలుపు దాకా నడిచి చూసిరావచ్చు. నా విజిల్ మీ అమ్మ దగ్గర ఇచ్చి పంపిస్తా. వాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ పొరకలు కంకరకు వంగిపోతాయి. మన షెడ్డు తలుపు వెనక ఈనెల పొరక ఉంది, అది తీసుకుపో.

మీ పెద్దనాయన