బాగోలేదని మేం మొత్తుకుంటుంటే అందరూ అదే టార్చ్ ఎందుకు కొంటున్నారు?

ప్రశ్న: నాకు టార్చిలైట్ల పిచ్చి అండి, పన్నెండేళ్ళ నుంచీ కొంటున్నా, ఒక డ్రాయర్ నిండా అవే. ఈమధ్య ఒక బ్రాండు (పేరు రాశాను, మీరు వేయకపోయినా పర్లేదు) ఎక్కడ చూసినా అదే, ఫోన్ తెరిస్తే దాని యాడ్, వీడియో పెడితే మధ్యలో దాని గురించే చెప్పేవాడొకడు, నెలకో సేల్, ఇంకా ఇన్ని గంటలే ఉంది అని తిరిగే గడియారం ఒకటి. తీరా చూస్తే లైటు నీలం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, బ్యాటరీ వాళ్ళదే కొనాలి, చార్జింగ్ కేబుల్ వాళ్ళదే వాడాలి, రెండు నిమిషాలకే వెలుగు సగం పడిపోద్ది. నాలాంటోళ్ళం అందరం చెప్తూనే ఉన్నాం. మా బావకి గంటసేపు కూర్చోబెట్టి చెప్పా, విన్నాడు, తలూపాడు, వెళ్ళి రెండు కొన్నాడు, రెండోది మా అక్కకంట. ఇప్పుడు కరెంటు పోతే మా ఇంట్లోవాళ్ళు కూడా దాన్నే అడుగుతున్నారు, నా డ్రాయర్ వైపు చూసే దిక్కు లేదు. జనానికి అర్థం కాదా, లేక అంతా యాడ్ల మాయా?

జవాబు: పేరు వేయట్లేదు లెండి, మీరు చెప్పింది ఆ ఒక్క కంపెనీకే కాదు ఇంకో రెండు మూడింటికి కూడా అచ్చం సరిపోతుంది, చదివినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. మీరు చెప్పిన లోపాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మీ బావగారు మోసపోయారని కూడా నేను అనను. మీరు టార్చ్ కొనేటప్పుడు లైటు ఎలా ఉందో చూస్తారు, ఆయన ఈ వస్తువుతో నాకు ఎన్ని తలనొప్పులు అని చూశారు, అంతే.

నా డ్రాయర్ సంగతి చెప్తా వినండి, నాదీ మీ జబ్బే. మొన్నామధ్య కరెంటు పోయింది. మొదట చేతికి తగిలినదాంట్లో సెల్లు లేదు, ఊరికే ఉంటే డ్రెయిన్ అయిపోతుందని నేనే తీసి పక్కన పెట్టా, ఎక్కడ పెట్టానో గుర్తులేదు. రెండోది నాలుగుసార్లు నొక్కితేనే లాక్ తీసే రకం, నేను కంగారులో మూడుసార్లో అయిదుసార్లో నొక్కా, ఏదో మిణుక్కుమని ఊరుకుంది. మూడోది వెలిగింది గానీ మిణుగురు పురుగంత వెలుగులో, అంతకుముందు రాత్రి నేనే ఆ లెవెల్లో పెట్టి ఆపాను కదా. ఈలోపు మా చిన్నది ఫోన్ లైటు వేసుకుని వచ్చి నాన్నా ఏం వెతుకుతున్నావ్ అంది. ఇంకేం చెప్తాను.

మీ బావగారి టార్చ్‌కి ఈ గొడవ లేదు. వెనకాల మేగ్నెట్, కేబుల్ దగ్గరికి తెస్తే టప్పున అతుక్కుంటుంది, ఎర్రలైటు పచ్చలైటు అయితే చార్జింగ్ అయిపోయినట్టు. టార్చ్ అనేది ఏడాదిలో మూడొందల రోజులు పడుకుని ఉండి ఒక్కరోజు రాత్రి సడెన్‌గా కావాల్సొచ్చే వస్తువు, ఆరోజు ఏది చార్జ్ అయి ఉంటే అదే గొప్ప టార్చ్, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయి అన్నది తర్వాత మాట.

బ్యాటరీ వాళ్ళదే కొనాలి అన్నది మనోళ్ళకి అన్నిటికన్నా ఒళ్ళుమండే విషయం, నాకూ మండుతుంది, ప్రామాణికమైన 18650 సెల్లు (18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, పాత లాప్‌టాప్ బ్యాటరీ ప్యాకుల్లో ఉండేది అదే) ఎక్కడైనా దొరుకుతుంటే ఇదేం దోపిడీ అని. అయితే కొంచెం లోపలికి చూస్తే ఒక కారణం కూడా ఉంది. తోక నుంచి చార్జింగ్ పెట్టాలంటే ప్లస్సూ మైనస్సూ రెండూ ఆ చివరే అందాలి, మామూలు సెల్లులో ప్లస్ ఒక కొసన, మైనస్ ఇంకో కొసన ఉంటాయి, అందుకని రెండూ ఒకే కొసకి తెచ్చిన స్పెషల్ సెల్లు వేస్తారు. డబ్బాశ లేదని కాదు, ఉంది, కానీ ఆ టప్పున అతుక్కునే సుఖానికి కట్టే పన్ను కూడా అదే. పైగా విడి లిథియం సెల్లు అంటే మనకి స్వేచ్ఛ గానీ తెలియనివాళ్ళకి ప్రమాదం, జేబులో తాళంచెవులతో కలిపి వేసుకుంటే షార్ట్ అవుతుంది, తిరగేసి పెడతారు, పైన ప్లాస్టిక్ చిరిగినా వాడేస్తారు. సెల్లు బయటకి తీసే పనే లేకపోతే మీ అక్కకి అదే మంచిది.

ఇక ఆ నీలం తెలుపు సంగతి. పక్కపక్కన రెండు టార్చులు వేసి గోడమీద కొడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది, ఒకటి పాలిపోయినట్టు, ఒకటి ఎండలా. అరచేతి మీద వేసి చూడండి, రంగులు సరిగా చూపించని లైట్లో చెయ్యి రక్తం లేనట్టు బూడిదగా ఉంటుంది, సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో వందకి చెప్పే అంకె) తొంభై దాటిన లైట్లో వేళ్ళ కొసల ఎరుపు కూడా కనిపిస్తుంది, వైరింగ్ పని చేసేవాళ్ళకి ఎర్ర తీగా గోధుమరంగు తీగా విడివిడిగా తెలియాలంటే ఇది నిజంగా అవసరం. అంతా నిజమే, కానీ మీ బావగారి దగ్గర పక్కన పెట్టి చూసుకోవడానికి రెండో టార్చ్ ఏదీ? ఉన్నవి రెండూ అవే బ్రాండు! ఆయన పోల్చుకునేది ఫోన్ లైటుతో, అది మహా అయితే ఓ 50 ల్యూమెన్లు (లైటు మొత్తం ఇచ్చే వెలుగుకి కొలత) అటూ ఇటూ. దాని తర్వాత వెయ్యి ల్యూమెన్లది చేతిలోకొస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది, ఆ క్షణంలో మీరు వెళ్ళి బావా దీని టింట్ (అదే, వెలుగు రంగు) బాలేదు అంటే మిమ్మల్ని ఎలా చూస్తారో ఊహించుకోండి.

ఇంకోటి, రంగులు బాగా చూపించే ఎల్ఈడీ మామూలుగా అదే కరెంటుకి కాస్త తక్కువ ల్యూమెన్లే ఇస్తుంది. అంటే కంపెనీవాడు మీ మాట విని మంచి ఎల్ఈడీ వేస్తే డబ్బా మీద అంకె తగ్గుతుంది, అంకె తగ్గితే పక్కవాడిది కొంటారు. వాడికి మీ విమర్శ తెలియక కాదండీ.

యాడ్ల మాయ అన్నారు, అది మాత్రం ఈరోజుది కాదు, టార్చ్‌తో పాటే పుట్టింది. డేవిడ్ మిసెల్ అనే ఆయన గొట్టం ఆకారంలో చేతి దీపానికి అమెరికాలో పేటెంట్ తెచ్చుకుంది 1899 జనవరిలో, దాన్ని అమ్మింది కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ, తర్వాత ఎవరెడీ అయ్యింది అదే. అప్పటి సెల్లు బలహీనం, బల్బు కార్బన్ ఫిలమెంటుది, ఆగకుండా వెలిగే దమ్ము లేదు, కాసేపు వెలిగించి ఆపి మళ్ళీ వెలిగించుకోవాలి, అందుకే ఫ్లాష్‌లైట్ అనే పేరు నిలబడిపోయింది. రెండు నిమిషాలకే వెలుగు పడిపోద్ది అన్నారే, ఆ జబ్బు పుట్టుకతోనే ఉంది చూశారా! మరి అలాంటిదాన్ని ఎలా అమ్మారంటే న్యూయార్క్ పోలీసులకి కొన్ని ఊరికే ఇచ్చారు, వాళ్ళు బాగుందని చెప్పిన మాటల్ని తీసుకెళ్ళి తమ ప్రచారంలో వేసుకున్నారు. ఇప్పుడు వీడియో చేసేవాళ్ళకి ఫ్రీగా టార్చ్ పంపి మంచిమాట చెప్పించుకుంటున్నారే, సరిగ్గా అదే పని, నూటపాతికేళ్ళ కిందట.

తర్వాత 1979లో మ్యాగ్‌లైట్ వచ్చింది, గట్టి అల్యూమినియం బాడీ, అదీ పోలీసుల చేతుల్లోకి వెళ్ళాకే జనం దాని వైపు చూశారు. ఫోకస్ వెడల్పు చేస్తే మధ్యలో నల్లటి మచ్చ పడేది, తెలిసినవాళ్ళు అప్పుడూ గొణిగారు, జనం అప్పుడూ కొన్నారు. పోలీసు చేతిలో చూసిన వస్తువు కదా.

మీ బావగారు రెండు కొన్నారన్నారు చూడండి, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. ఈ కంపెనీలు టార్చ్‌ని ఇవ్వడానికి పనికొచ్చే వస్తువు చేసేశాయి. మంచి డబ్బా, లోపల నురగలో కూర్చోబెట్టిన టార్చ్, రాగి రంగుదొకటి, ఈ నెల మాత్రమే దొరికే ఆకుపచ్చదొకటి, ఒకటి కొంటే చిన్న కీచైన్ లైటు ఉచితం. ఆ కీచైన్ లైటు ఎవరి చేతికో వెళ్తుంది, వాళ్ళు మళ్ళీ పెద్దది కొంటారు. మనం వాడే మంచి టార్చులు చూడండి, బ్రౌన్ డబ్బాలో వస్తాయి, పైన ఏ ఎల్ఈడీయో పెన్నుతో టిక్కు పెట్టి, సెల్లు ఉండదు, చార్జర్ ఉండదు, మాన్యువల్ అర్థం చేసుకోవడానికి ఇంకో మాన్యువల్ కావాలి. పుట్టినరోజుకి అక్కకి అది ఇస్తారా?

ఇక మనం చేసే ప్రచారం వేరే. బాగోలేదు బాగోలేదు అని రోజుకి పదిసార్లు ఆ పేరే తలుచుకుంటాం, కొత్తవాడికి వివరాలు గుర్తుండవు, పేరు గుర్తుంటుంది.

అలాగని మీరు ఊరుకోనక్కర్లేదు. లిథియం సెల్లు కొన్నేళ్ళకి అరుగుతుంది, ఆరోజు ఆ మోడల్‌కి ఆ స్పెషల్ సెల్లు ఇంకా అమ్ముతున్నారా లేదా అన్నది అసలు ప్రశ్న, అమ్మకపోతే అంత బరువైన అల్యూమినియం బొమ్మ మిగులుతుంది. అది మీ బావగారికి ఇప్పుడే చెప్పండి, ఒక స్పేర్ సెల్లు కొని పెట్టుకోమనండి. తోకలో మేగ్నెట్ ఉంది కాబట్టి ఇనపరజను అంటుకుంటుంది, కేబుల్ తగిలించేముందు గుడ్డతో తుడవమనండి. టింట్ గురించి మాత్రం ఇంకో ఆర్నెల్లు మాట్లాడకండి.

ప్రశ్న: డబ్బా మీద 1000 ల్యూమెన్లు, 200 మీటర్లు, 5 గంటలు అని ఉంది. నాది అయిదు గంటలు వెలిగింది గానీ వెయ్యి ల్యూమెన్లలా మాత్రం లేదు. అబద్ధం రాస్తే ఎవరూ అడగరా?

జవాబు: అబద్ధం రాయలేదు, అక్కడే ఉంది తెలివి. టార్చ్‌ల కొలతలకి ఎఫ్ఎల్ 1 అని అమెరికన్ ప్రమాణం ఒకటి 2009లో వచ్చింది, చాలా కంపెనీలు దాన్నే పాటిస్తాయి. దాని ప్రకారం వెలుగు కొలిచేది స్విచ్ వేసిన 30 సెకన్ల తర్వాత. ఎంతసేపు వెలుగుతుంది అన్నది మాత్రం వెలుగు మొదటిదాంట్లో పదోవంతుకి పడిపోయేదాకా లెక్క. అంటే మొదటి రెండు నిమిషాలు 1000 ఉండి, చెయ్యి కాలేంత వేడెక్కి 300కి దిగి, చివర్లో 100 దగ్గర నీరసంగా వెలిగినా, 1000 ల్యూమెన్లు 5 గంటలు అని దర్జాగా రాసుకోవచ్చు. వెలుగు దిగడం కూడా మోసం కాదు, అంత చిన్న గొట్టం అంత వేడిని బయటకి పంపలేదు, దించకపోతే ఎల్ఈడీ పాడవుతుంది, మీ చెయ్యి కూడా.

200 మీటర్లు అన్నది ఇంకా సరదాగా ఉంటుంది, అంత దూరంలో వెలుగు పావు లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత) మిగిలితే చాలు, అంటే పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఉన్నాడో చెట్టు ఉందో నేనైతే చెప్పలేను. అందులో సగం దూరానికి వెలుగు నాలుగింతలు అవుతుంది కాబట్టి 100 మీటర్లు అనుకుని కొనుక్కోండి, గొడవ ఉండదు. ల్యూమెన్లు రెండింతలైతే కంటికి రెండింతలుగా కనపడవన్నది కూడా గుర్తుపెట్టుకోండి, 1000కి 1200కి తేడా మీ కన్ను పట్టుకోలేదు, యాడ్ మాత్రం పట్టుకుంటుంది.

ప్రశ్న: సేల్ గడియారంలో ఇంకా నలభై నిమిషాలే ఉంది, కొనమంటారా?

జవాబు: మీరు ఉత్తరం రాసి, అది మాకు చేరి, ఇది అచ్చయ్యేసరికి ఆ నలభై నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఇప్పుడు వెళ్ళి చూడండి, ఇంకో గడియారం తిరుగుతూ ఉంటుంది.