ఎల్ఎం పరీక్షలు రెండూ అవునంటే ఏ మోడల్?

శ్రీకాకుళం జిల్లా 30 మండలాల వ్యవసాయ కూలి రేట్లకు మీరు కట్టిన రిగ్రెషన్‌లో (ఏ అంశం రేటును ఎంత మారుస్తుందో అంచనా వేసే లెక్క) అవశేషాల, అంటే మోడల్ వివరించలేక మిగిలిన తేడాల, మోరాన్ ఐ (పక్కపక్క మండలాల విలువలు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కొలత) ఎక్కువగా వచ్చింది, లాగ్ మోడల్‌కూ (పొరుగు మండలాల రేటే ఇక్కడి రేటును కదిలిస్తుందనేది) ఎర్రర్ మోడల్‌కూ (లెక్కలోకి రాని అంశాలే పొరుగు మండలాల్లో కలిసి కదులుతాయనేది) ఎల్ఎం (లాగ్రాంజ్ మల్టిప్లయర్) పరీక్షలు రెండూ అవునన్నాయి, ఏ మోడల్ ఎంచుకోవాలని అడిగారు. ఇక్కడ పనికొచ్చేవి ఆన్సెలిన్ బృందం 1996లో ఇచ్చిన రోబస్ట్ ఎల్ఎం పరీక్షలు; ఒకదాని ప్రభావాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని చూస్తాయివి. రెండింటిలో ఏది నిలబడితే అటు మొగ్గండి.

అయితే దానికి ముందే నాకు రెండు అనుమానాలున్నాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న మండలాలు పక్కపక్కనే ఉంటాయి. తోటల విస్తీర్ణం మీ చలరాశుల్లో లేదు. అలా వదిలేసినదే అవశేషాల్లో గుంపుగా తేలి, పొరుగు ప్రభావంలా కనిపించవచ్చు. దాన్ని చేర్చి మోరాన్ ఐ మళ్లీ చూడండి.

రెండోది వెయిట్స్ మ్యాట్రిక్స్, అంటే ఏ మండలానికి ఏవి పొరుగో చెప్పే పట్టిక. హద్దు కలిసిన మండలాలనే పొరుగుగా తీసుకున్నారు. ఆ లెక్కన ఇచ్ఛాపురానికి ఉత్తరాన ఏమీ లేదు! కూలికి వెళ్లే మనిషికి ఒడిశా సరిహద్దు గోడ కాదు. అటువైపు బ్లాకుల రేట్లు దొరికితే కలపండి, లేకపోతే సరిహద్దు మండలాలకు ఒక డమ్మీ (సరిహద్దు మండలమైతే 1, కాకపోతే 0) పెట్టండి. రోడ్డు దూరంతో మరో మ్యాట్రిక్స్ కట్టి, ఫలితం తారుమారవుతుందేమో చూడండి.

పొరుగు మండలాల చలరాశులనూ చేర్చే డర్బిన్ మోడల్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. 30 వరుసలకు చలరాశులు దాదాపు రెట్టింపైతే అంచనాలు నిలకడగా ఉండవు. చివరికి లాగ్ మోడలే మిగిలితే గుణకాన్ని నేరుగా ప్రభావంగా చదవకండి, ప్రత్యక్ష (సొంత మండలంపై), పరోక్ష (పొరుగు మండలాలపై) ప్రభావాలు విడిగా లెక్కించి రాయండి.

2022కు ముందరి దత్తాంశం ఏమైనా కలిపారా? జిల్లాల పునర్విభజనకు ముందు అప్పట్లో జిల్లాలో 38 మండలాలు, కాబట్టి వరుసలు సరిపోలవు.